కారులో మోసుకెళ్ళే వంటపెట్టె: సంగటి గెలకడానికీ పనికొచ్చేలా మనమే చేసుకుందాం

నేను మొదట చేయించిన వంటపెట్టె గండికోటలో ఒక్క పూటకే పనికిరాదని తేలిపోయింది. కడపలో మధ్యాహ్నం బయల్దేరి జమ్మలమడుగు మీదుగా పోయి, పొద్దుగూకేలోపు టెంటు వేసి, మడత బల్ల మీద పెట్టె పెట్టి, దాని ముందు తలుపు కిందికి దించి, ఆ తలుపు మీదే స్టవ్ పెట్టి వంట మొదలుపెట్టాం. నాటుకోడి పులుసు ముందే అయిపోయింది, ఆ గిన్నె తలుపు మీద ఒక పక్కన పెట్టాం. సంగటికి బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి మూత పెట్టి, పది నిమిషాల తర్వాత అమ్మ తెడ్డు తీసుకుంది, తీసుకుని ఆగిపోయింది. గిన్నె అంచు ఆమె గుండెల దాకా ఉంది. "ఇంత ఎత్తులో ఎట్ల గెలికేది నాయనా, బలం యాడ పెట్టాల?" అనింది. నేను రెండు గుడ్డలతో గిన్నె పట్టుకున్నా, ఆమె తెడ్డు తిప్పింది, బల్ల ఊగింది, మూడో తిప్పుకు పెట్టె మొత్తం ముందుకు ఒరిగింది. పులుసు గిన్నె జారి బండ మీద పడింది, వేడి పులుసు అమ్మ పాదానికి జానెడు దూరంలో పారింది. ఆ రాత్రి బొరుగులు తిని పడుకున్నాం కానీ నాకు నిద్ర పట్టలేదు, కాలుతుందేమో అన్న భయం అప్పుడు కాదు, పడుకున్నాక వచ్చింది.

తప్పు పెట్టె చేసిన వడ్రంగన్నది కాదు, నాది. విదేశాల వాళ్ళ వీడియోలు చూసి కొలతలు ఇచ్చాను. వాళ్ళు నిలబడి గుడ్లు, బ్రెడ్డు, మాంసం ముక్కలు పెనం మీద తిప్పుకుంటారు, దానికి నడుమెత్తు బల్ల సరిపోతుంది. మన వంటలో సగం పని కింద కూర్చుని, గిన్నెను కదలకుండా అదిమిపట్టి చేసేది. కాబట్టి పెట్టె కొలత కారు దగ్గర మొదలవ్వకూడదు, ప్లైవుడ్ దగ్గర అసలే మొదలవ్వకూడదు. ఏం వండుతారు, ఎవరు వండుతారు, వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు అన్నదాని దగ్గర మొదలవ్వాలి. రెండో పెట్టె అలా చేశాను, అది ఇప్పటికీ వాడుతున్నాం. దాన్నే వివరంగా రాస్తున్నా.

ముందు కాగితం మీద వంట రాయండి

ఒక సాయంత్రం నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా నలుగురికి ఏం వండుతారో రాయండి. మా ఇంట్లో అయితే రాత్రికి సంగటి, కోడిపులుసు లేదా పప్పు. పొద్దున ఉగ్గాని, రెండుసార్లు టీ. మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగు. ఒక్కో వంట పక్కన మూడు విషయాలు రాసుకోండి: ఏ గిన్నె, ఎంతసేపు మంట, నిలబడి చేసేదా కూర్చుని చేసేదా. ఇది రాయగానే మీకే తెలుస్తుంది, నాలుగు గిన్నెలు తీసేయొచ్చని. మాకు మిగిలినవి ఇవి: 5 లీటర్ల మందపాటి అల్యూమినియం గిన్నె, 3 లీటర్ల కుక్కరు, ఒక బాణలి, టీ గిన్నె. అన్నీ ఒకదాంట్లో ఒకటి దూరేవి ఎంచుకున్నాం.

ఉగ్గాని లాంటిది క్యాంపుకు పుట్టినట్టే ఉంటుంది. బొరుగులు నీళ్ళలో తడిపి, నీళ్ళు పిండేసి పక్కన పెట్టడం, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు తాలింపులో మగ్గించడం, బొరుగులు కలిపి పుట్నాల పొడి చల్లడం, మొత్తం పావుగంట మంట. దాని పక్కన బజ్జీ లేకపోతే ఎట్లా అంటారు, నిజమే, కానీ బాణలి నిండా కాగే నూనె బయట పెట్టుకోవద్దు, చుట్టూ పిల్లలు తిరిగే చోట అసలు వద్దు. వచ్చే దారిలో ఊళ్ళో బజ్జీలు కొనుక్కోండి.

నాటుకోడికి కుక్కరు తప్పనిసరి. మామూలు గిన్నెలో అయితే గంటకు పైగా ఉడకాలి, మీరు తెచ్చుకున్న గ్యాసులో పెద్ద వాటా దానికే పోతుంది.

మూడు ఎత్తులు

ఈ పెట్టెలో ముఖ్యమైన సంగతి ఇదే, మిగతావన్నీ మీకు నచ్చినట్టు మార్చుకోండి. వంటకు మూడు ఎత్తులు కావాలి. నేల మీద, సంగటికి. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, పీట మీద కూర్చుని ఎర్రగడ్డలు తరగడానికి. 75 సెంటీమీటర్ల ఎత్తులో, నిలబడి టీ పెట్టడానికి, తాలింపులు వేయడానికి.

మడత బల్ల కొనక్కర్లేదు. మన సీమలో టమోటా మండీల్లో వాడే ప్లాస్టిక్ క్రేట్లు ఉంటాయి కదా, సుమారు 54 పొడవు, 36 వెడల్పు, 29 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, రకాన్ని బట్టి కాస్త మారతాయి కాబట్టి మీ దగ్గరున్నవి కొలుచుకోండి. అవి రెండు తీసుకోండి. దారిలో వాటిలో బియ్యం, పిండి, కూరగాయలు గుడ్డసంచుల్లో పెట్టి తెచ్చుకుంటారు, అక్కడికి పోయాక సంచులు బయటికి తీసి క్రేట్లు బోర్లించి పక్కపక్కన పెడితే పెట్టెకు పీఠం అవుతుంది. పెట్టె ఎత్తు 45. క్రేట్లు 29. కలిపితే 74. మా అమ్మ ఐదడుగులు, పెట్టె పైన చిన్న స్టవ్ పెడితే గిన్నె అడుగు 85 దగ్గరికి వస్తుంది, ఆమె మోచేతికి కొంచెం కింద. మీ ఇంట్లో వండేవాళ్ళను నిలబెట్టి, మోచెయ్యి మడిచి, నేల నుంచి ఎంత ఉందో కొలిచి, గిన్నె అడుగు దానికి 10–15 సెంటీమీటర్లు కిందుండేలా చూసుకోండి.

ముందు తలుపు కిందికి దించితే క్రేట్ల ఎత్తులోనే ఆగుతుంది, అంటే కూర్చుని తరగడానికి సరిగ్గా సరిపోయే పలక.

కారు కొలవడం

డిక్కీ లోపలి వెడల్పు కాదు, డిక్కీ నోరు కొలవండి. లోపల మీటరు వెడల్పున్న కారుకు కూడా నోటి దగ్గర, ముఖ్యంగా కింది అంచు దగ్గర, తక్కువ ఉంటుంది. చక్రాల గుబ్బలు లోపలికి ఎంత పొడుచుకొచ్చాయో, వెనక సీటు వీపు ఎంత వాలి ఉందో చూడండి, పైన తగిలి కింద ఖాళీ మిగిలే అవకాశం ఉంది. అట్టపెట్టెలు కోసి టేపు వేసి మీరు అనుకున్న కొలతలో ఉత్త పెట్టె చేసి, దాన్ని డిక్కీలో పెట్టి, తలుపు మూసి చూడండి. గంట పని, కానీ ప్లైవుడ్ వృథా కాదు.

చిన్న కార్లలో చాలా వాటికి సరిపోతుందని నేను తీసుకున్న కొలత 75 పొడవు, 42.4 లోతు, 45 ఎత్తు. కింద మిల్లీమీటర్లలో రాస్తాను, ఎందుకంటే వడ్రంగికి అలా ఇస్తేనే పొరపాటు రాదు.

చెక్క

నా మొదటి పెట్టె 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు. గట్టిగా ఉంటుందని అదే తీసుకున్నా, ఖాళీ పెట్టే 22 కిలోలు తూగింది. ఇల్లు మారేటప్పుడు బీరువా ఎత్తినట్టు ఎత్తాల్సి వచ్చేది. 12 మిల్లీమీటర్లది చాలు, అదే కొలతకు 14 కిలోల దగ్గర ఉంటుంది. 9 కూడా సరిపోతుంది కానీ అంచులో స్క్రూ దిగేటప్పుడు చీలుతుంది, మూలల్లో రీపరు ముక్కలు వేయాల్సి వస్తుంది. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న వాటర్‌ప్రూఫ్ రకం అడగండి. ఐఎస్ 303లో ఎంఆర్ రకం, అంటే తేమను మాత్రమే తట్టుకునేది, ఇంట్లో అల్మారాలకు బాగుంటుంది, రోజూ నీళ్ళు చిమ్మే చోట అంచులు ఉబ్బుతాయి.

ఒక్క 8×4 షీటులో మొత్తం వస్తుంది. షీటు 2440×1220. దాన్ని పొడవునా మూడు పట్టీలుగా కోయించండి: 450 వెడల్పుది, 400 వెడల్పుది, మిగిలినది సుమారు 360. రంపం ఒక్కో కోతకు 3 మిల్లీమీటర్లు తింటుందని మరవొద్దు.

450 పట్టీ నుంచి: వెనక పలక 750×450, ముందు తలుపు 750×450, రెండు పక్క పలకలు ఒక్కోటి 400×426.
400 పట్టీ నుంచి: పైది 750×400, కిందిది 750×400, మధ్య అడ్డుగోడ 426×400.
మిగిలిన పట్టీ నుంచి: లోపలి అరలు, తలుపు కాళ్ళు, సంగటి పలక 350×350.

పక్క పలకలు 426 ఎందుకంటే అవి పైదానికీ కిందిదానికీ మధ్య కూర్చుంటాయి, 12, 12 కలిపితే 450. వెనకదీ ముందుదీ బయటి నుంచి మూసుకుంటాయి, అందువల్ల వాటికి పూర్తి కొలత, వాటి మందం కలిపితే పెట్టె లోతు 424.

బిగించడం

జిగురు రాసి, 2.5 మిల్లీమీటర్ల బిట్‌తో ముందే రంధ్రం వేసి, 35 మిల్లీమీటర్ల స్క్రూలు పది పన్నెండు సెంటీమీటర్లకు ఒకటి వేయండి. రంధ్రం వేయకుండా నేరుగా దించితే ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. మేకులు వద్దు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ల కుదుపులకు మేకు నెమ్మదిగా బయటికి వచ్చేస్తుంది, స్క్రూ రాదు. పెట్టె మూలకు మూల కొలతపట్టీతో కొలిచి, రెండు వైపులా ఒకే లెక్క వస్తేనే జిగురు ఆరనివ్వండి, లేకపోతే తలుపు ఎప్పటికీ సరిగా మూయదు.

లోపల మధ్య అడ్డుగోడతో ఎడమ భాగం 360, కుడి భాగం 354 వస్తాయి. ఎడమ వైపు ఒకే అర: కింద 250 ఎత్తులో గిన్నెలు, పైన 164లో స్టవ్. కుడి వైపు రెండు అరలు వేసి మూడు గూళ్ళు: పైన 120లో కత్తులు, గరిటెలు, లైటరు. మధ్యలో 140లో పోపుల పెట్టె. కింద 142లో పళ్ళాలు, గ్లాసులు. సొరుగులు చేయించొద్దు. దుమ్ము పడితే చానళ్ళు పట్టేస్తాయి, బరువు పెరుగుతుంది, ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టి లాక్కుంటే అదే సొరుగు. పోపుల పెట్టె మాత్రం మూత గట్టిగా బిగిసేది తీసుకోండి. ఒకసారి పసుపు, కారం, ఆవాలు అన్నీ కలిసిపోతే ఆ ప్రయాణమంతా ఒకే రుచి.

ముందు తలుపుకు కింది అంచు పొడవునా పియానో హింజి, అంటే పట్టీలా పొడవుగా ఉండే ఒకే హింజి. రెండు వైపులా గొలుసులు. గొలుసు పొడవు ఎంత అంటే, పక్క పలక మీద కింది నుంచి 300 దగ్గరా, తలుపు మీద హింజి నుంచి 300 దగ్గరా కొక్కెం వేస్తే, గొలుసు 424 మిల్లీమీటర్లు ఉండాలి, అప్పుడు తలుపు సరిగ్గా అడ్డంగా ఆగుతుంది.

కానీ గొలుసును నమ్ముకుని తలుపు మీద బరువు పెట్టొద్దు. ఆ రోజు గండికోటలో జరిగింది ఇదే. ఈ 12 మిల్లీమీటర్ల పెట్టె నిండా సామాను ఉన్నప్పుడు 25 కిలోలు, తలుపు చివర పది కిలోల దాకా తట్టుకుంటుంది. వంట మొదలవగానే గిన్నెలు, పళ్ళాలు, డబ్బాలు అన్నీ బయటికి వస్తాయి, పెట్టె తేలికవుతుంది, తలుపు బరువు మాత్రం అలాగే ఉంటుంది. ఖాళీ పెట్టెకు తలుపు చివర అందులో సగం బరువు పెడితే చాలు, ముందుకు ఒరుగుతుంది. నేను ఇంటికి వచ్చాక ఖాళీ పెట్టె తలుపు అంచున నీళ్ళ సీసాలు ఒక్కొక్కటే పెట్టి చూశాను. కొన్ని పెట్టేదాకా బాగానే ఉంది, ఇంకొకటి పెట్టగానే వెనక వైపు లేచింది. అందుకే తలుపు కింద రెండు కాళ్ళు ఉండాల్సిందే. తెరిచిన తలుపు అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి అంతకు ప్లైవుడ్ ముక్కలు కోసి, చిన్న హింజితో తలుపు బయటి వైపు బిగించండి, మూసినప్పుడు మడుచుకుంటాయి, తెరిచినప్పుడు కిందికి దిగుతాయి. బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి కాలు కింద పెట్టడానికి నాలుగైదు పలచటి చెక్క ముక్కలు సంచిలో వేసుకోండి.

పైన, తలుపు లోపలి వైపు మైకా అంటించండి, తుడిస్తే పోతుంది. మిగతా చెక్కకు రెండు పూతలు వార్నీషు, ముఖ్యంగా కోసిన అంచులకు. పిడులు పక్క పలకలకు, మధ్య ఎత్తుకు కొంచెం పైన.

గడియ విషయం. గండికోటలో, అహోబిలంలో కోతులు ఊరుకోవు. నెట్టితే తెరుచుకునే అయస్కాంతం గడియలు వాటికి లెక్క కాదు. తిప్పి, ఆపై లాగాల్సిన రెండు పనుల గడియ పెట్టండి, రాత్రి చిన్న తాళం కూడా వేయండి.

గ్యాస్

రెండు దారులున్నాయి. ఒకటి క్యాసెట్ స్టవ్, అంటే 220–230 గ్రాముల బ్యూటేన్ డబ్బా పక్కనే దూర్చేది. తేలిక, చిన్నది, టీకీ తాలింపుకీ చక్కగా ఉంటుంది. పూర్తి మంట మీద డబ్బా గంట నుంచి గంటన్నర వస్తుంది. కానీ దాని మీద వెడల్పాటి గిన్నె, పెద్ద దోసె పెనం పెట్టకూడదు. గిన్నె అంచు డబ్బా గది మీదికి వచ్చిందంటే వేడి కిందికి కొట్టి డబ్బా కాగుతుంది, అది పేలే దారి. మన సంగటి గిన్నె, కారం దోసె పెనం రెండూ ఈ లెక్కలో పనికిరానివే.

రెండోది 5 కిలోల చిన్న సిలిండరు, ఇండియన్ ఆయిల్ వాళ్ళు ఛోటూ అని అమ్ముతారు, మిగతా కంపెనీలకూ ఉన్నాయి. చిరునామా రుజువు లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. దానికి విడిగా ఒక పొయ్యి స్టవ్, సురక్ష ట్యూబు, రెగ్యులేటరు. రెగ్యులేటరు కొనేచోటే సిలిండరుకు బిగించి చూసుకోండి. కుటుంబంతో పోయేవాళ్ళకు నా మాట ఇదే, సిలిండరు. బజార్లో ఇంటి సిలిండరు నుంచి నింపి అమ్మే చిన్న బుడ్డి సిలిండర్లు మాత్రం ముట్టుకోవద్దు, అది చట్టవిరుద్ధం, వాల్వు ఎప్పుడు కారుతుందో తెలియదు.

ఎంత గ్యాస్ పడుతుంది అంటే, చిన్న బర్నరు పెద్ద మంటలో గంటకు 150 గ్రాములు అనుకోండి. పైన రాసిన వంటలకు మొత్తం నాలుగు గంటల మంట అయితే 600 గ్రాములు. అంటే క్యాసెట్ డబ్బాలైతే మూడు, సిలిండరైతే ఎనిమిది ప్రయాణాలు. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది, ఇంట్లో కాటాలో తూచి అది తీసేస్తే మిగిలిన గ్యాస్ ఎంతో తెలిసిపోతుంది.

కారులో సిలిండరు నిలువుగానే ఉండాలి, రెగ్యులేటరు తీసి, సేఫ్టీ క్యాప్ పెట్టి, బెల్టుతో కట్టి. పెట్టెలో పెట్టొద్దు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కారితే పైకి పోదు, అడుగున చేరి కూర్చుంటుంది. చిన్న కార్లలో డిక్కీ గాలీ మనం పీల్చే గాలీ ఒకటే, కాబట్టి అద్దాలు కాస్త దించుకుని వెళ్ళండి. వాసన వస్తే కారు ఆపి నాలుగు తలుపులూ తెరిచి దిగిపోవడమే, ఏ స్విచ్చీ వేయొద్దు. బిగించిన ప్రతిసారీ కీళ్ళ దగ్గర సబ్బు నురుగు రాయండి, బుడగలు వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో చూడటం అసలు వద్దు.

ఎండాకాలంలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో ఆపిన కారు లోపల దానికన్నా బాగా ఎక్కువ. బ్యూటేన్ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. కారు ఆపగానే ముందు డబ్బాలు తీసి చెట్టు నీడలో పెట్టండి, టెంటు తర్వాత.

టెంటు లోపల, మూసిన కారులో ఏ పొయ్యీ వెలిగించొద్దు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం కూడా అంతే, కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

గాలి

అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. గండికోట అంచున కూడా సాయంత్రమైతే గాలి స్టవ్‌ను ఊదేస్తుంది, మంట గిన్నె కింద కాకుండా పక్కన మండుతుంది, అరగంట వంట గంట పడుతుంది. దీనికి మూడు అల్యూమినియం రేకులు, ఒక్కోటి 350 వెడల్పు 250 ఎత్తు, హింజీలతో కలిపి మడిచేలా చేయించండి. మూడు వైపులా నిలబెట్టి, నాలుగో వైపు మీరు కూర్చునేది. రేకుల వీపు గాలి వచ్చే వైపు ఉండేలా తిప్పుకోవాలి. సిలిండరు ఎప్పుడూ రేకుల బయటే, మీటరు దూరంలో. క్యాసెట్ స్టవ్ చుట్టూ మాత్రం రేకులు పూర్తిగా మూయొద్దు, వేడి లోపలే ఉండి డబ్బా కాగుతుంది, గాలి వచ్చే ఒక్క వైపు చాలు.

కట్టెల పొయ్యి అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ జనవరి దాటితే చుట్టూ ఎండుగడ్డి, ఒక్క నిప్పురవ్వ చాలు. నల్లమలలో, లంకమలలో, ఎర్రచందనం అడవుల్లో నిప్పు పెట్టడం నిషేధం, గ్యాస్ స్టవ్ కూడా అటవీ సిబ్బందిని అడిగాకే.

సంగటి పలక

350×350 ముక్క తీసుకోండి. మీ సంగటి గిన్నెను దాని మధ్యలో పెట్టి అడుగు చుట్టూ పెన్సిలుతో గీయండి. ఆ గీత బయటి అంచున సమానంగా మూడు చోట్ల 40 మిల్లీమీటర్ల ఎత్తున్న చెక్క దిమ్మెలు కింది నుంచి స్క్రూలతో బిగించండి. గిన్నె వాటి మధ్య దిగి కూర్చోవాలి, రెండు మిల్లీమీటర్ల సందు చాలు. మధ్యలో తడి గోనెపట్ట ముక్క పరిస్తే చెక్క కాలదు, గిన్నె తిరగదు. పలకకు రెండు వైపులా మీ పాదాలు పట్టేంత చోటు వదలండి, దాని కోసమే 350 తీసుకున్నది.

వండేది ఎట్లా అంటే, గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్ళు, ఉప్పు. బియ్యం బాగా మెత్తబడి ఇంకా గంజి మిగిలి ఉన్నప్పుడు గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో కుప్పలో రెండు మూడు బొక్కలు పొడిచి, మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు. అప్పుడు స్టవ్ ఆపి గిన్నెను పలక మీదికి దించండి. పీట మీద కూర్చుని రెండు పాదాలూ పలక అంచుల మీద పెట్టి తెడ్డు రెండు చేతులతో పట్టి గెలకండి. మొదట తెడ్డు కదలదు, పిండి పొడి గడ్డలుగా పగులుతుంది, తర్వాత గంజి పైకి లేచి ముదురు రంగు తిరుగుతుంది, చివరికి తెడ్డుకు అంటుకోకుండా ఒకే ముద్దగా తిరుగుతుంది. నీళ్ళలో తడిపిన గిన్నెలో వేసి తిప్పితే ముద్ద గుండ్రంగా వస్తుంది. మొదటిసారి ఈ పలక మీద గెలికినప్పుడు అమ్మ ఏమీ అనలేదు, రెండో ముద్ద చేసేటప్పుడు మాత్రం "ఇది ఇంట్లో కూడా పెట్టుకుందాం" అనింది. ఇప్పుడు మా ఇంట్లో అలాంటివి రెండున్నాయి.

నీళ్ళు, కడుగుడు

నలుగురికి తాగడానికి 12 లీటర్లు, వంటకు 6, కడగడానికి 10. సుమారు 30 లీటర్లు, అంటే 30 కిలోలు. 20 లీటర్ల క్యాను ఒకటి, 10ది ఒకటి, కుళాయి ఉన్నవి. డిక్కీలో అన్నిటికన్నా కింద, వెనక సీటుకు ఆనించి ఇవే పెట్టాలి. ఓర్వకల్లులో, గండికోటలో నీళ్ళు దొరుకుతాయిలే అని ఖాళీ క్యానుతో పోవద్దు.

బోకులు కడిగే ముందు పాత పేపరుతో తుడిచేస్తే నీళ్ళు సగం మిగులుతాయి. రెండు టబ్బులు, ఒకటి సబ్బుకు, ఒకటి తొలపడానికి. ఆ నీళ్ళు పెన్నలోకో చెరువులోకో పోకుండా ఒడ్డుకు 60 మీటర్ల దూరంలో నేల మీద పలచగా చల్లండి. తొక్కలు, ఎముకలు, ప్లాస్టిక్ అన్నీ ఒక సంచిలో ఇంటికి తెచ్చుకోవడమే. గండికోట అంచున లోయలోకి విసిరిన పేపరు ప్లేట్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పెరుగు ఐసు పెట్టెలో మోయక్కర్లేదు. కాచి చల్లార్చిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసి మూత బిగించి తెచ్చుకుంటే పొద్దునకు పెరుగు. తాగే నీళ్ళ సీసాలకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలే చోట వేలాడదీస్తే మన పొడి గాలికి బాగానే చల్లబడతాయి.

ఎక్కించడం, ఇంటి దగ్గర ఒక రాత్రి

గిన్నెల మధ్య పాత తువ్వాళ్ళు పెట్టండి, స్టీలు మోత తగ్గుతుంది, అవే అక్కడ మసిగుడ్డలు. పెట్టె వెనక సీటు వీపుకు ఆని ఉండాలి, తలుపు డిక్కీ వైపు, బెల్టుతో కొక్కేలకు కట్టాలి. గట్టిగా బ్రేకు వేస్తే కట్టని పెట్టె ముందుకు దూసుకొస్తుంది.

బయల్దేరే ముందు శనివారం ఇంటి మిద్దె మీద ఒక పూట మొత్తం వంట ఈ పెట్టెతోనే చేయండి, చీకట్లో, ఇంట్లోకి పోకుండా. ఏదైనా తేవడానికి కిందికి దిగిన ప్రతిసారీ అది చీటీ మీద రాయండి. మా చీటీలో మొదట పడింది పట్టకారు, తర్వాత ఉప్పు, తర్వాత తల లైటు. ఆ చీటీని తలుపు లోపలి వైపు అంటించాను, ఎక్కించేటప్పుడు చదువుకుంటూ పెడతాం.

తిరిగొచ్చాక పెట్టెను అలాగే మూలన తోసేయొద్దు. అన్నీ తీసి, తడిగుడ్డతో తుడిచి, తలుపు తెరిచి రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. గొలుసు కొక్కేల దగ్గర స్క్రూలు వదులైతే బిగించండి. ఉప్పు, పసుపు, అగ్గిపెట్టె అప్పుడే నింపి లోపల పెట్టేస్తే, వచ్చే వారం ఎవరైనా బేలుం గుహలకు పోదామా అన్నప్పుడు పెట్టె ఎత్తి కారులో పెట్టడమే పని.